దెయ్యం సినిమాలో గుబులు ఎలా నిలుస్తుంది?

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు చెబుతాను. 18 నిమిషాల పొట్టి చిత్రం తీశారు. అమ్మమ్మ పోయిన ఏడాదికి, పల్లెలోని పాత ఇల్లు అమ్మేముందు సామాను సర్దడానికి మనవరాలు వస్తుంది, ఒక రాత్రి ఒంటరిగా ఉంటుంది. అద్దంలో ఆకారం, మంచం కింద చెయ్యి, అటక మీద నుంచి పిల్లి దూకడం, ఇలా ఆరు చోట్ల ప్రేక్షకుణ్ణి ఉలిక్కిపడేలా చేశారు. చూసిన మిత్రులు ఆరుసార్లూ ఉలిక్కిపడ్డారు, ఆరుసార్లూ నవ్వారు, మధ్యలో ఫోన్లు చూసుకున్నారు. భయం ఎందుకు నిలవడం లేదు, సంగీతం పెంచాలా అని అడిగారు.

సంగీతం పెంచవద్దు. ఉన్నదాంట్లో సగం తీసేయమనే చెబుతాను, ఆ సంగతి తర్వాత. నేను ఇరవై రెండేళ్లుగా సినిమాలకు శబ్దాలు కూర్చే పనిలో ఉన్నాను. అందుకని నా సమాధానం కంటికంటే చెవి వైపు ఎక్కువ మొగ్గుతుంది, ముందే చెప్పేస్తున్నాను.

మన భాషలో భయానికి చాలా మాటలున్నాయి, అవన్నీ ఒకటి కావు. ఉలికిపాటు ఒంటికి సంబంధించింది. పక్కన టపాకాయ పేలితే ఎంత గుండె నిబ్బరం ఉన్నవాడైనా ఉలిక్కిపడతాడు, అందులో పేల్చినవాడి ప్రతిభ ఏమీ లేదు. గుబులు వేరు. రాత్రి పదకొండు దాటినా ఇంటికి రాని కొడుకు కోసం తల్లి పడేది గుబులు. ఆమె టీవీ చూస్తూనే ఉంటుంది, చెవి మాత్రం వీధిలో ఉంటుంది. ప్రతి బండి చప్పుడునూ తూకం వేస్తుంది. ఇది మనది కాదు. ఇది మలుపు తిరగలేదు. ఇది ఆగింది కానీ పక్కింటి ముందు. ఆమెను ఎవరూ భయపెట్టడం లేదు, భయపడే పని అంతా ఆమే చేసుకుంటోంది.

భయానక చిత్రం ప్రేక్షకుణ్ణి ఆ తల్లి కూర్చున్న కుర్చీలో కూర్చోబెట్టాలి. దేనికోసం చెవి ఒగ్గాలో ముందు అతనికి నేర్పాలి, నేర్పాక ఆ కాపలా నుంచి సెలవు ఇవ్వకూడదు. మీరు మూడు నిమిషాలకోసారి సెలవు ఇచ్చారు. ఉలికిపాటు అంటే సెలవే. ప్రేక్షకుడు బిగబట్టిన ఊపిరి వదిలేస్తాడు, పక్కవాణ్ణి చూసి నవ్వుతాడు, ఇక కాసేపటి దాకా ఏమీ జరగదని అతనికి తెలిసిపోతుంది. అప్పుడే ఫోను తీస్తాడు.

నేర్పడం అంటే ఏమిటో చూడాలంటే స్టాన్లీ కుబ్రిక్ 1980లో తీసిన ‘ది షైనింగ్’ మళ్లీ పెట్టుకోండి. మొత్తం కాదు, డానీ అనే చిన్న పిల్లవాడు మూడు చక్రాల బండి తొక్కే ఘట్టాలు మూడూ వరుసగా. చలికాలం మూసేసిన కొండ హోటల్లో ముగ్గురే ఉన్న కుటుంబం. మొదటి ఘట్టంలో ఏమీ జరగదు. పిల్లవాడు పెద్ద హాలు చుట్టూ ఒక చుట్టు తిరిగి వస్తాడు, అంతే. కానీ వినండి. చక్రాలు చెక్క నేల మీద గరగరమంటాయి. తివాచీ ఎక్కగానే ఆ శబ్దాన్ని ఎవరో మింగేసినట్టు ఆగుతుంది. మళ్లీ చెక్క, మళ్లీ గరగర. మళ్లీ తివాచీ. తివాచీ వచ్చిన ప్రతిసారీ చెవికి ఒక ఖాళీ దొరుకుతుంది, ఆ ఖాళీలో ఇంకేదైనా వినిపిస్తుందేమోనని చెవి తనంతట తానే ముందుకు వంగుతుంది. ఎవరూ భయపెట్టకుండానే మీరు కాపలాకు కూర్చున్నారు.

రెండోసారి పిల్లవాడు 237వ నంబరు గది ముందు ఆగుతాడు. లేచి వెళ్లి తలుపు పిడి తిప్పుతాడు. తెరుచుకోదు. బండెక్కి వెళ్లిపోతాడు. మూడోసారి మలుపు తిరిగేసరికి ఎదురుగా ఇద్దరు ఆడపిల్లలు చేయి చేయి పట్టుకుని నిలబడి ఉంటారు.

మూడు ఘట్టాల్లోనూ కెమెరా వాడి వెనకే, నేలను రాసుకుంటూ పోతుంది. నడుస్తూ తీసినా బొమ్మ కుదుపు లేకుండా వచ్చేలా కెమెరాను ఒంటికి తగిలించుకునే పరికరం స్టెడీక్యామ్‌ను కనిపెట్టిన గారెట్ బ్రౌనే ఈ సినిమాకు దాన్ని నడిపాడు, ఈ షాట్ల కోసం చక్రాల కుర్చీ వాడుకున్నారు. కెమెరా పిల్లవాణ్ణి దాటి ముందుకు వెళ్లదు. మలుపు అవతల ఏముందో వాడికి ఎంత తెలుసో మనకూ అంతే. ఆ ఇద్దరు పిల్లల బొమ్మ ఇప్పుడు టీషర్టుల మీద కూడా అచ్చవుతోంది, దాన్ని చూసి ఎవరూ బెదరరు. మలుపులు మాత్రం ఇన్నేళ్ల తర్వాత కూడా పనిచేస్తున్నాయి. నేను ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు, ఎక్కడ ఏముందో తెలుసు, అయినా ప్రతి మలుపుకూ పిక్కలు బిగుసుకుంటాయి.

అదే సినిమాలో ఎక్కువమంది పట్టించుకోని పని ఇంకొకటి ఉంది. మధ్యమధ్య నల్ల తెర మీద తెల్ల అక్షరాలతో కాలం చెబుతారు. ‘ఒక నెల తర్వాత’ అని ఉంటుంది. ఆ తర్వాత ‘మంగళవారం’, ‘గురువారం’, ‘శనివారం’ అని వారాలు వస్తాయి. చివరికి ‘ఉదయం 8 గంటలు’, ‘సాయంత్రం 4 గంటలు’. నెల నుంచి రోజుకు, రోజు నుంచి గంటకు. ఎవరూ తరమడం లేదు కానీ గోడలు దగ్గరకు జరుగుతున్నట్టు ఉంటుంది. పైగా ఏ మంగళవారమో చెప్పడు. ఆ తెరల్లో కత్తి లేదు, రక్తం లేదు, ఖర్చు అసలే లేదు.

ఇక నా పని దగ్గరకు వస్తాను.

కరెంటు పోయినప్పుడు ఇంట్లో ఏం జరుగుతుందో గుర్తు చేసుకోండి. వెలుతురు ఒక్క దెబ్బకు పోతుంది. ఫ్యాను మాత్రం వెంటనే ఆగదు. రెక్కల హోరు తగ్గుతూ, తగ్గుతూ, చివరి నాలుగైదు చుట్లు టిక్కు టిక్కుమంటూ ఆగుతుంది. ఆ తర్వాత, అప్పటిదాకా ఉన్నాయని కూడా తెలియని శబ్దాలన్నీ ఒక్కొక్కటే లేచి కూర్చుంటాయి. గోడ గడియారం, వంటింట్లో చుక్క చుక్కగా కారే కుళాయి, ఎక్కడో రెండు వీధుల అవతల కుక్క. చీకటి కంటే ఆ ఫ్యాను ఆగడమే చిన్నప్పుడు నన్ను ఎక్కువ భయపెట్టేది. నిశ్శబ్దం ట్రాకులో శబ్దం తీసేస్తే రాదు. అలా తీసేస్తే స్పీకరు పాడైందేమో అనుకుంటారు. నడుస్తున్నదేదో ఆగితేనే నిశ్శబ్దం వినిపిస్తుంది. కాబట్టి ముందు ఏదో ఒకటి నడుస్తూ ఉండాలి.

కొన్నేళ్ల కిందట ఒక సినిమాకు పనిచేశాను, పేరు అనవసరం. రాత్రి వంటింట్లో ఒకావిడ చిక్కుడుకాయలు ఒలుస్తూ ఉంటుంది, వెనక గదిలో ఏదో ఉందని ఆమెకు అనుమానం రావాలి. దర్శకుడు వయొలిన్లతో పెద్ద ఆర్.ఆర్., అంటే నేపథ్య సంగీతం, చేయించుకుని వచ్చాడు. ఒక్కసారి అది లేకుండా చూద్దామని బతిమాలాను. ఆ ఘట్టానికి మూడు నిమిషాల ముందు నుంచే ఫ్రిజ్ హోరును సన్నగా మొదలుపెట్టి, ఎవరికీ తెలియకుండా కొద్దికొద్దిగా పెంచుకుంటూ వచ్చాను. కాయల ఈనెలు తెగే చిటుకు చిటుకు శబ్దం దాని మీద కూర్చుంది. సరైన చోట ఫ్రిజ్ ఆగింది. పాత ఫ్రిజ్‌లు ఆగేటప్పుడు చిన్నగా వణుకుతాయి చూడండి, గాజు సీసాలు ఒకదానికొకటి తగిలి గలగలమంటాయి, ఆ వణుకుతో సహా. ఆవిడ చెయ్యి ఆగింది. తల ఎత్తింది. అంతే, వెనక్కి తిరిగి కూడా చూడలేదు. నలభై మందికి వేసి చూపించినప్పుడు మూడో వరుసలో చిప్స్ తింటున్న ఒకాయన ప్యాకెట్టు చప్పుడు అక్కడ ఆగిపోయింది. నా పనికి అంతకన్నా పెద్ద మెచ్చుకోలు నాకు గుర్తులేదు.

మీ కథ పల్లెలో జరుగుతుంది కాబట్టి మీకు ఇంకా మంచి సరుకు ఉంది. కీచురాళ్లు రాత్రంతా అరుస్తాయి, మనిషి అలికిడి దగ్గరకు వస్తే నోరు మూస్తాయి. పొలం గట్టు మీద నడిచిన ఎవరికైనా ఇది తెలుసు. మీ సినిమాలో పెరటి వైపు కీచురాళ్లు ఆగి, వీధి వైపువి మాత్రం అరుస్తూనే ఉంటే చాలు. ‘పెరట్లో ఎవరో ఉన్నారు’ అని ఏ పాత్రా చెప్పనక్కరలేదు.

ఇప్పుడు సంగీతం. మీ సినిమాలో అమ్మాయి తలుపు వైపు నడిచే ప్రతిసారీ తీగ వాద్యాలు పైకి లేస్తున్నాయి. అంటే ఏ తలుపుకు భయపడాలో మీరే చూపిస్తున్నారు, మిగతా ఇల్లంతా క్షేమం అని హామీ కూడా ఇస్తున్నారు. వాళ్లు నిశ్చింతగా ఫోను చూసుకున్నారంటే అది మీరిచ్చిన హామీయే. 1942 నాటి ‘క్యాట్ పీపుల్’ చూడండి, జాక్ టూర్నర్ దర్శకత్వం, నిర్మాత వాల్ ల్యూటన్, చిన్న బడ్జెట్టు సినిమా. రాత్రి పార్కు పక్క గోడ వెంట ఒక స్త్రీ నడుస్తుంది, ఇంకో స్త్రీ వెంబడిస్తుంది. సంగీతం లేదు, మడమల చప్పుడే. ముందు ఆమెవి, వెనక ఆమెవి, టకటక, టకటక. కాసేపటికి వెనక అడుగులు ఆగిపోతాయి. ముందు ఆమెకు వెనక్కి తిరిగితే చెట్లు, దీపపు స్తంభాలు తప్ప ఏమీ కనబడదు. వెంబడించే అడుగుల కంటే ఆగిన అడుగులు భయంకరం, ఎందుకంటే ఆగినవి ఇప్పుడు ఎక్కడున్నాయో తెలియదు. ఆమె పరుగందుకుంటుంది. అప్పుడు మృగం బుసకొట్టినట్టు ఒక్క శబ్దంతో ఫ్రేములోకి దూసుకొచ్చేది సిటీ బస్సు. ఉలికిపాటు పెట్టడం తప్పు అని నేను అనడం లేదు, ఇదిగో, సినిమా చరిత్రలో పేరుపడ్డ ఉలికిపాటు ఇదే. కానీ దాని వెనక అంతసేపు అడుగుల లెక్క ఉంది. మీ పిల్లి వెనక ఏ లెక్కా లేదు.

ఒక సాంకేతిక విషయం. లోతైన గుమ్‌మనే శబ్దం వేస్తే భయం దానంతటదే వస్తుందని కొత్తవాళ్లు నమ్ముతారు. శబ్దం ఎంత లోతైనదో హెర్ట్జ్‌లలో కొలుస్తారు, అంకె తగ్గేకొద్దీ లోతు ఎక్కువ. మనిషి చెవి సుమారు 20 హెర్ట్జ్ దాకా కిందికి వినగలదు, హాల్లో పెద్ద స్పీకర్ల మీద 30, 40 హెర్ట్జ్ శబ్దం ఛాతీలో తెలుస్తుంది కూడా. కానీ మీ సినిమా చూసేది ఫోన్లలో. ఫోను స్పీకరులో ఆ కింది స్థాయి దాదాపు మాయమవుతుంది. అలా చూసేవాళ్లకు మీ గుమ్ వినిపించనే వినిపించదు, వాళ్లు వినేది ఖాళీ. ఫోనులోనూ వినిపించే వాటితో పని చేయండి: గొళ్లెం, ఊపిరి, కుళాయి, చెక్క కిర్రుమనడం, గచ్చు మీద పాదం. ఇంకో పని, షూటింగ్ చేసిన ప్రతి గదిలోనూ అందరినీ కదలకుండా నిలబెట్టి ఒక నిమిషం ఆ గది హోరు రికార్డు చేసుకోండి. మీరు చేయలేదని ఎడిటింగ్‌లో తెలిసిపోతోంది, షాటు మారినప్పుడల్లా గాలి మారుతోంది.

బొమ్మ గురించి నాకు తెలిసింది తక్కువ, కానీ ఒక్క సినిమా గురించి చెప్పకుండా ఉండలేను. 1961లో జాక్ క్లేటన్ తీసిన ‘ది ఇన్నోసెంట్స్’. ఛాయాగ్రహణం ఫ్రెడ్డీ ఫ్రాన్సిస్. నిర్మాణ సంస్థ పట్టుబట్టడంతో వెడల్పు తెరకు తీయాల్సి వచ్చింది. అంత వెడల్పులో ఇరుకు ఎలా పుట్టించాలి? ఫ్రాన్సిస్ కెమెరా ఫిల్టర్ల అంచులకు రంగు పూసి ఫ్రేము రెండు పక్కలా చీకటి కమ్మేలా చేశాడు. రాత్రి దృశ్యాల్లో చూసేవాడికి మధ్యలో మనిషి కనిపిస్తుంది, కన్ను మాత్రం ఆ అంచుల్లో వెతుకుతూ ఉంటుంది. కానీ ఆ సినిమాలో నన్ను వదలనిది పట్టపగటి దృశ్యం. చెరువు ఒడ్డున పిల్లల్ని చూసుకునే ఆవిడ, పక్కన చిన్నపిల్ల కూనిరాగం తీస్తూ ఉంటుంది. అవతలి ఒడ్డున రెల్లులో నల్ల బట్టల్లో ఒక స్త్రీ నిలబడి ఉంటుంది. దూరంగా, కదలకుండా. మీద పడదు, అరవదు, కెమెరా దగ్గరకు వెళ్లదు. దగ్గరకు వెళితే ముఖం తెలుస్తుంది, ముఖం తెలిస్తే సగం భయం పోతుంది. మీ అద్దంలోని ఆకారాన్ని క్లోజప్‌లో చూపించి, మేకప్ ఎంత బాగా కుదిరిందో మాకు చెప్పారు. నిజంగానే బాగుంది. అదే ఇబ్బంది.

మన దగ్గర కూడా పగటి వెలుగును వాడుకున్నవాళ్లు లేకపోలేదు. రామ్‌గోపాల్ వర్మ 1992లో తీసిన ‘రాత్రి’ పేరుకు రాత్రి, మొదలయ్యేది మాత్రం రేవతి పట్టపగలు మనిషన్నవాడు కనబడని వీధుల్లో నడవడంతో. ఆ తర్వాత కథ జరిగేది పాడుబడ్డ కోటలో కాదు, మధ్యతరగతి కుటుంబం కొత్తగా దిగిన మామూలు ఇంట్లో. అలాంటి ఇల్లు మనందరికీ తెలుసు. ఏ గది పక్కన ఏ గది ఉంటుందో చెప్పనక్కరలేదు. ఆ పటం ప్రేక్షకుడి తలలో ముందే ఉంటే, తెర మీద లేని గదికి కూడా అతను కాపలా కాస్తాడు. మీ సినిమాలో ఇంటి పటం నాకు చివరిదాకా అర్థం కాలేదు. పడకగది నుంచి వంటింటికి వెళ్లాలంటే హాలు దాటాలా? పెరటి తలుపు ఎటు? తెలియని ఇంట్లో ప్రేక్షకుడు ఎక్కడికో ఒక చోటికి చూస్తాడు, తెలిసిన ఇంట్లో సరిగ్గా ఆ తలుపు వైపే చూస్తాడు.

ఇక మన సినిమాల పాత జబ్బు ఒకటి, అది మీ పదమూడో నిమిషంలోనూ ఉంది. పూజారి వచ్చి అంతా వివరించడం. ఎవరు చనిపోయారు, ఎందుకు చనిపోయారు, ఎవరి మీద పగ, ఎలా వదిలించాలి. దెయ్యానికి పేరు, ఊరు, ఫిర్యాదు అన్నీ దొరికిన క్షణం నుంచి మాకు దాని మీద జాలి మొదలవుతుంది. జాలి మంచిదే, కానీ జాలీ గుబులూ ఒకే పొయ్యి మీద ఉడకవు. ఆ నాలుగు నిమిషాలు కోసేయండి. కథ అర్థం కాదేమో అని భయపడకండి. అమ్మమ్మ ఫోటో, ఖాళీ మంచం, మందుల డబ్బా ముందే చూపించారు కదా, అర్థం చేసుకునేవాళ్లు చేసుకుంటారు.

ఆరు ఉలికిపాట్లలో ఐదు తీసేయండి. ఏది ఉంచాలంటే, నన్ను అడిగితే ఆరూ తీసేసి, మీ దగ్గరే ఉన్న, మీరు గమనించని ఒక వస్తువును వాడుకోమంటాను. మొదటి నిమిషంలో అమ్మాయి ఇంట్లోకి రాగానే నీళ్ల మోటారు వేస్తుంది. స్విచ్చు హాల్లో గడియారం కింద ఉంది, పాత నల్ల స్విచ్చు, గట్టిగా నొక్కితే తప్ప పడదు. మీ రికార్డింగులో ‘టక్’ అని అద్భుతంగా పడింది, మీరేమో దాని మీద సంగీతం వేశారు. సంగీతం తీసేయండి. టక్, వెంటనే పెరటి నుంచి మోటారు హోరు. కాసేపటికి ట్యాంకు నిండి నీళ్లు పొంగి గచ్చు మీద పడే శబ్దం, ఆమె విసుక్కుంటూ వెళ్లి కట్టేస్తుంది. టక్, హోరు ఆగుతుంది. ఒకసారి అయింది.

చీకటి పడ్డాక మళ్లీ మోటారు వేస్తుంది, సామాను సర్దుతూ మరిచిపోతుంది, నీళ్లు పొంగుతాయి, లేచి వెళ్లి కట్టేస్తుంది. ఈసారి హాలు దాటి వెళ్లే దారి మొత్తం చూపించండి, ఒకే షాటులో, ఆమె వెనకే. పడకగది, హాలు, గడియారం, స్విచ్చు. టక్. రెండోసారి. ఇప్పటికి ఇంటి పటమూ వచ్చింది, శబ్దమూ వచ్చింది, ప్రేక్షకుడికి తాను ఏదో నేర్చుకుంటున్నానని కూడా తెలియదు.

పదిహేనో నిమిషంలో ఆమె పడకగదిలో మంచం మీద కూర్చుని అమ్మమ్మ చీరలు మడతపెడుతూ ఉంటుంది. మోటారు నడుస్తోంది, ఎప్పుడు వేసిందో చూపించనక్కరలేదు. నీళ్లు పొంగడం మొదలవుతుంది. ఆమె వింటుంది, ‘వెళ్లాలి’ అన్నట్టు ముఖం పెడుతుంది, ఇంకో చీర అందుకుంటుంది. కెమెరాను ఆమె మీదే ఉంచండి. తెరిచి ఉన్న తలుపు ఫ్రేములో ఒక పక్కన ఉండాలి, దాన్ని మసకగా వదిలేయండి. మీ ఎడిటర్ ఇక్కడ కట్ చేద్దామంటాడు, వద్దనండి. ఇంకో చీర. నీళ్లు పొంగుతూనే ఉంటాయి.

టక్.